ఖాళీ డొమైన్ల మీద యాడ్స్ పైసలంటున్నరు, పిల్లలు జాగ్రత్త, మన ఊర్ల పేర్లు కూడా జాగ్రత్త

సంపాదకులు గారికి నమస్కారం,

నల్లగొండ టౌన్‌ల గడియారం సెంటర్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్న, దాంతోపాటు చిన్న చిన్న షాపులకు, స్కూళ్ళకు వెబ్‌సైట్లు చేసి పెట్టే పని కూడా ఉన్నది. మీ పేపర్ల జిల్లా పేజీ రోజూ చదువుత. ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్ననంటే, మన దిక్కు డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలల్ల ఒక ఆశ బాగ పాకుతున్నది, దాని పేరు డొమైన్ పార్కింగ్, డొమైన్ అంటే వెబ్‌సైట్ పేరు. ఎవరూ వాడని వెబ్‌సైట్ పేర్లు కొని పెట్టుకో, నువ్వేం చెయ్యకు, వాటి మీద యాడ్స్ వస్తయ్, నిద్రపోయినా పైసలు పడ్తయ్ అని యూట్యూబ్‌ల చెప్తున్నరు, టెలిగ్రామ్ గ్రూపులల్ల చెప్తున్నరు, కొంతమంది ఆన్‌లైన్ క్లాసులు పెట్టి వేలల్ల ఫీజులు తీసుకుంటున్నరు. మునుగోడు, దేవరకొండ దిక్కు నుంచి, అవతల అచ్చంపేట, కల్వకుర్తి నుంచి కూడా పిల్లలు ఫోన్ చేసి అడుగుతున్నరు, అన్నా ఏ పేర్లు కొనాలె, ఎన్ని కొనాలె అని. ఒక్కొక్కరికి విడిగ చెప్పుడు కంటే మీ పేపర్ల వస్తే తల్లిదండ్రులు కూడా చదువుతరని రాస్తున్న. కొంచెం పెద్దగనే ఉంటది, ఏమనుకోవద్దు.

ముందు ఇది అసలు ఎట్ల పనిచేస్తదో చెప్త, ఎందుకంటే క్లాసులల్ల ఈ ముక్కనే సరిగ చెప్తలేరు. ఒక పేరు రిజిస్టర్ చేసుకుంటం, డాట్ కామ్ గానీ డాట్ ఇన్ గానీ. దాని మీద సైట్ ఏం కట్టం. దాని నేమ్ సర్వర్లు, అంటే ఆ పేరు కొడ్తే ఎక్కడికి పోవాలెనో చెప్పే సెట్టింగ్, మార్చి పార్కింగ్ కంపెనీ వైపు తిప్పుతం. అప్పుడు ఎవరన్నా ఆ పేరు టైప్ చేస్తే వాళ్ళకు ఒక ఖాళీ పేజీ కనపడ్తది, దాంట్ల నాలుగైదు లింకులుంటయ్, ఆన్‌లైన్ డిగ్రీ, పర్సనల్ లోన్, వీసా జాబ్స్ ఇట్లాంటియి. ఆ మనిషి లింక్ నొక్కితే ఇంకో పేజీ, అక్కడ అసలు యాడ్స్, దాని మీద మళ్ళ నొక్కితేనే యాడ్ ఇచ్చిన కంపెనీ పైసలు కడ్తది. ఆ పైసలల్ల యాడ్స్ తెచ్చిన గూగుల్ లాంటి కంపెనీ కొంత తీసుకుంటది, పార్కింగ్ కంపెనీ కొంత తీసుకుంటది, మిగిలింది పేరు గల్ల మనిషికి వస్తది. మన దేశం నుంచి పడే క్లిక్‌కు అమెరికా క్లిక్‌కు వచ్చినంత రేటు రాదు. మన ఫోన్ నుంచి మనమే నొక్కినా, దోస్తులతోని నొక్కించినా అది దొంగ క్లిక్ కింద లెక్క, అకౌంట్ బంద్ చేసి అప్పటిదాక వచ్చింది కూడా ఇయ్యరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఖాళీ పేజీకి ఎవరొస్తరు? కావాలని ఎవరూ రారు. పేరు తప్పు టైప్ చేసినోళ్ళు వస్తరు, ఇంతకుముందు అక్కడ ఉన్న సైట్ ఇంకా ఉన్నదనుకుని వస్తరు, ఇది ఆఫీసోళ్ళ సైటే అనుకుని వస్తరు. అంటే దారి తప్పిన మనిషి మీదనే ఈ ఆదాయం అంతా. ఈ మాట మనసుల పెట్టుకుని మిగిలింది చదవమని నా మనవి.

ఒకప్పుడు దీంట్ల పైసలు లేవని నేను అంటలేను, ఉండె. మొదటి డాట్ కామ్ పేరు, సింబాలిక్స్ అనేది, 1985 మార్చిల రిజిస్టర్ అయింది, ఆ తర్వాత పది పన్నెండేండ్లకు ఇంటర్నెట్ జనంలకు వచ్చినప్పుడు అమెరికాల మనుషులు ఏది కావాలన్నా అడ్రస్ బార్‌ల నేరుగ టైప్ చేసేటోళ్ళు, ఇన్సూరెన్స్ కావాలంటే ఇన్సూరెన్స్ డాట్ కామ్ అని. అట్లాంటి మామూలు ఇంగ్లిష్ పదాలు ముందుగాల పట్టుకున్నోళ్ళకు మస్తు వచ్చినయ్. ఇన్సూరెన్స్ డాట్ కామ్ పేరే 2010ల మూడున్నర కోట్ల డాలర్ల పైన అమ్ముడుపోయింది. తప్పు టైపింగ్‌ల ఎంత డబ్బు ఉండెనో తెలువాలంటే 2003 సెప్టెంబర్‌ల జరిగింది చూడాలె, డాట్ కామ్ పేర్ల పట్టిక, అంటే రిజిస్ట్రీ, మొత్తం నడిపే వెరిసైన్ కంపెనీ, ఎవరూ రిజిస్టర్ చెయ్యని పేరు ఏది టైప్ చేసినా తన సొంత పేజీకే తీసుకుపోయేటట్టు పెట్టింది, సైట్ ఫైండర్ అని. లోకమంతా లొల్లి అయింది, పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ గట్టిగ చెప్తే అక్టోబర్ మొదటి వారంల బంద్ చేసుకున్నరు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంకో పద్ధతి నడిచింది, పేరు రిజిస్టర్ చేసినంక ఐదు రోజులల్ల వద్దంటే పైసలు వాపస్ ఇచ్చే రూల్ ఉండె, దాన్ని పట్టుకుని లక్షల పేర్లు తీసుకుని, ఐదు రోజులు యాడ్స్ పెట్టి, ఆదాయం వచ్చినయి ఉంచుకుని మిగిలినయి వాపస్ చేసేటోళ్ళు. 2008, 2009లల ఐకాన్ దానికి కూడా ఫీజు పెట్టి ఆపింది. ఇదంతా ఎవరు చేసిండ్రంటే పెద్ద పెట్టుబడి, పెద్ద సాఫ్ట్‌వేర్ ఉన్న కంపెనీలు చేసినయ్, ఒక్క లాప్‌టాప్ పెట్టుకుని కూసున్న పిల్లగాడు కాదు.

ఇప్పుడు ఆ కాలం పోయింది. మన దగ్గర సంగతే చూడండి, అడ్రస్ బార్‌ల పూర్తి పేరు ఎవరు టైప్ చేస్తున్నరు. ఫోన్‌ల రెండక్షరాలు కొడ్తే మిగిలింది అదే చూపిస్తది, చాలామంది మైక్ నొక్కి అడుగుతున్నరు, ఇంక సగం పనులు యాప్‌లల్లనే అయిపోతున్నయ్. సైట్ల మీద యాడ్స్ వేసి సైట్ గల్లోళ్ళకు వాటా ఇచ్చే గూగుల్ పద్ధతి పేరు యాడ్‌సెన్స్, దాంట్ల ఖాళీ డొమైన్ల కోసం మామూలు మనుషులకు నేరుగ ఇచ్చినదాన్ని 2012లనే బంద్ చేసింది, ఆ తర్వాత పెద్ద పార్కింగ్ కంపెనీల ద్వారనే నడిచింది. ఆఖరికి 2024 అక్టోబర్ నుంచి గూగుల్‌ల కొత్తగ యాడ్ ఇచ్చేటోళ్ళకు, వాళ్ళు తామంతట తాము కావాలని ఒప్పుకుంటే తప్ప పార్క్ చేసిన పేజీల మీద యాడ్ పోకుండ సెట్టింగ్ పెట్టిండ్రు, 2025ల పాతోళ్ళకు కూడా అదే చేసిండ్రు. కావాలని ఖాళీ పేజీ మీద నా యాడ్ వెయ్యమని ఏ కంపెనీ అడుగుతది? మామూలు యాడ్‌సెన్స్ అకౌంట్ తీసుకుని ఖాళీ పేజీ మీద పెట్టుకుందమంటే అది కూడా కుదరదు, సొంత విషయం ఏం లేని పేజీల మీద యాడ్స్ పెట్టొద్దని వాళ్ళ రూల్స్‌లనే ఉన్నది. ఇన్ని మారినంక కూడా పదిహేనేండ్ల కిందటి ముచ్చట పట్టుకుని ఈరోజు ఫీజు తీసుకునుడు అన్యాయం, పిల్లల తల్లిదండ్రులు పత్తి అమ్మిన పైసలల్లకెల్లి కడ్తున్నరు ఆ ఫీజులు.

లెక్క కూడా చూద్దం. ముప్పై పేర్లు కొన్నడనుకోండి. మొదటి ఏడాది ఆఫర్‌ల తొంభై తొమ్మిది రూపాయలకు, నూటా తొంభై తొమ్మిదికి ఇస్తరు, రెండో ఏడాది రెన్యువల్‌కు వచ్చేసరికి డాట్ కామ్‌కు వెయ్యి రూపాయలు అటు ఇటుగ పడ్తది, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ. అంటే ఏడాదికి ముప్పై వేల పైన కట్టాలె, ఊరికెనే పేర్లు నిలబెట్టుకునేదానికే. క్లిక్‌కు ఐదు రూపాయలు చేతికొస్తయ్ అనుకున్నా, అది కూడా ఎక్కువే అనుకున్న, కనీసం ఆరు వేల క్లిక్‌లు కావాలె. వచ్చిన నూరు మందిల పది మంది నొక్కితే అరవై వేల మంది రావాలె. నల్లగొండల కూసుని ఎవరికీ తెలువని ముప్పై పేర్లకు అరవై వేల మందిని ఎక్కడికెల్లి తెస్తడు, అది కూడా తప్పిపోయి వచ్చేటోళ్ళను. క్లాసులు చెప్పేటోళ్ళు దీన్ని ప్లాటు కొని పెట్టుకున్నట్టు అని చెప్తున్నరు, హైవే పక్కన ప్లాటు కొంటే రేటు పెరిగినట్టు పెరుగుతదని. మన జనానికి ప్లాటు అంటే తొందరగ ఎక్కుతది కాబట్టి ఆ మాట వాడుతున్నరు. కాని ప్లాటు ఒకసారి రిజిస్ట్రేషన్ అయితే మనదే, డొమైన్ అట్ల కాదు, అది ఏడాదికేడాది కిరాయి, ఒక్క ఏడు కట్టకుంటే పోతది. డాట్ కామ్‌కు ఎంత పెద్దోళ్ళయినా ఒక్కసారి పదేండ్ల కంటే ఎక్కువకు కట్టుకోలేరు.

ఇంకో సంగతి చాలామందికి తెలువదు. పేరు కొని ఏం చెయ్యకుండ ఊకె పెట్టినా, కొన్ని రిజిస్ట్రేషన్ కంపెనీలు ఆ పేరు మీద వాళ్ళ సొంత యాడ్స్ పేజీ పెట్టుకుంటయ్. పేరు మనది, కిరాయి మనం కడ్తున్నం, ఆ నాలుగు పైసలు వాళ్ళకు పోతున్నయ్. సెట్టింగ్స్‌ల పోయి అది తీసేసుకోవచ్చు, ఎవరికన్నా ఖాళీ పేర్లుంటే ఈరోజే చూసుకోండి.

పిల్లలకు నేను చెప్తే వెంటనే అనేది ఏందంటే, అన్నా జియో హాట్‌స్టార్ సంగతి చూడలేదా అని. 2024ల ఆ వార్త అందరు చదివిండ్రు, రెండు కంపెనీలు కలుస్తయని ముందుగాలనే ఊహించి ఢిల్లీల ఒక డెవలపర్ ఆ పేరు తీసుకుని, నా పై చదువు ఖర్చు ఇస్తే ఇస్త అన్నడని. అది పార్కింగ్ ఆదాయం కాదు, పెద్ద కంపెనీ పేరును ముందుగాల పట్టుకునుడు, దాంట్ల లాభం కంటే కేసు ముందు వస్తది. ఈ విషయంల మన సుప్రీంకోర్టు 2004లనే తేల్చింది, సత్యం ఇన్ఫోవే కేసు అది, సత్యం పేరు మన హైదరాబాదోళ్ళకు తెలిసిందే. వాళ్ళ సిఫీ పేరుకు దగ్గర్గ ఇంకోళ్ళు సిఫ్ఫీ అని పెట్టుకుంటే, కంపెనీ పేరుకు ఎట్ల రక్షణ ఉంటదో డొమైన్ పేరుకు కూడా అట్లనే ఉంటదని కోర్టు చెప్పింది. అంతకుముందు 1999ల యాహూ కేసుల ఢిల్లీ హైకోర్టు కూడా అదే దారిల చెప్పింది. డాట్ ఇన్ పేర్లకయితే కోర్టు దాక కూడా పోనక్కర లేదు, ఆ రిజిస్ట్రీ చూసే నిక్సీ సంస్థ దగ్గర ఫిర్యాదు పెడ్తే ఆర్బిట్రేటర్, అంటే తీర్పు చెప్పే మధ్యవర్తి, చూస్తడు, వేరేటోళ్ళ పేరును చెడు ఉద్దేశంతోని పట్టుకున్నడని తేలితే పేరు గుంజుకుని వాళ్ళకిస్తరు, నీకు రూపాయి రాదు. అందుకే బ్యాంకుల పేర్లు, సినిమా హీరోల పేర్లు, పార్టీల పేర్లు ఒక అక్షరం మార్చి కొనమని ఎవరన్నా చెప్తే ఆ క్లాసుల నుంచి లేచి రావాలె.

మన జిల్లాల పేర్లతోని కూడా ఈ పని నడుస్తున్నది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినయ్, మన నల్లగొండల నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అయినయ్, పాలమూరుల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల అయినయ్, 2019ల నారాయణపేట వచ్చింది. అప్పుడు జిల్లా పేర్లు డాట్ కామ్‌ల కొనిపెడ్తే కలెక్టరాఫీసోళ్ళు వచ్చి కొంటరని అనుకున్నోళ్ళు మాకు తెలిసినోళ్ళల్లనే ఉన్నరు. ఎవరూ రాలే, రారు కూడా, ఎందుకంటే సర్కారు ఆఫీసులకు గవ్ డాట్ ఇన్ పేర్లు విడిగ ఉంటయ్, అవి సర్కారుకు తప్ప ఎవరికీ ఇయ్యరు, జిల్లా సైట్లన్నీ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్ కింద వచ్చినయ్. మళ్ళ 2024ల టీఎస్ పోయి టీజీ వచ్చింది, టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది, ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయింది, అప్పుడు కూడా టీజీ పెట్టి పేర్లు కొనండ్రి అని మెసేజ్‌లు తిరిగినయ్. ఆలోచించండి, గ్రూప్ పరీక్షకు అప్లై చేసే పిల్లగాడు తప్పు పేరు కొట్టి ఈ ఖాళీ పేజీకి వస్తే వాడికి కనపడే లింకు ఏంది, ఫీజు కట్టించుకునే దొంగ సైటు కావచ్చు. అట్ల దారి తప్పేది మన పక్కింటి పిల్లగాడే, వాడి మీద వచ్చే ఐదు రూపాయలు మనకెందుకు.

ఇగ నేను అన్నిటికంటే ఎక్కువ బాధపడే సంగతికి వస్త. ఒక దిక్కు పిల్లలు పనికిరాని పేర్లు కొంటుంటే, ఇంకో దిక్కు మన స్కూళ్ళు, కాలేజీలు, చేనేత సొసైటీలు, ట్రస్టులు పనికొచ్చే పేర్లు పోగొట్టుకుంటున్నరు. మా సెంటర్‌కు ఒక అమ్మాయి అడ్మిషన్ కోసం వచ్చింది, తల్లి కూడా ఎంబడి ఉన్నది, పాత బ్రోచర్ మీద ఉన్న కాలేజీ సైట్ పేరు కొడ్తే బెట్టింగ్ యాడ్స్ వచ్చినయ్. ఆ తల్లి మొహం చూసి నాకే సిగ్గనిపించింది. కాలేజీ మంచిదే, ఏండ్ల నుంచి నడుస్తున్నది, పేరు రెన్యువల్ చెయ్యక పోగొట్టుకున్నరు, ఎవరో తీసుకుని వాళ్ళ యాడ్స్ పెట్టుకున్నరు. పాత పేరంటే దానికి మనుషులు వచ్చే అలవాటు ఉంటది, వేరే సైట్లల్ల లింకులుంటయ్, బ్రోచర్ల మీద, గోడల మీద, విజిటింగ్ కార్డుల మీద ఉంటది. అందుకే ఈ యాడ్స్ దందా నడిపేటోళ్ళకు కొత్త పేరు కంటే ఇట్ల వదిలేసిన పేరు ఎక్కువ కావాలె. మన రాష్ట్రంల 2017లనే ఆన్‌లైన్ జూదం బంద్ చేసిండ్రు, 2025 ఆగస్టుల కేంద్రం కూడా పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు బంద్ చేస్తూ చట్టం తెచ్చింది, అయినా ఆ యాడ్స్ ఒక కాలేజీ పేరు మీద మన పిల్లల ఫోన్‌లకు వస్తున్నయ్.

పేరు ఒక్కరోజుల పోదు, ఇది తెలుసుకోవాలె. డాట్ కామ్ పేరు గడువు దాటినంక రిజిస్ట్రేషన్ కంపెనీని బట్టి నలభై ఐదు రోజుల దాక టైమ్ ఉంటది, మామూలు రేటుకే కట్టుకోవచ్చు. అది కూడా దాటితే ఇంకో ముప్పై రోజులు, అప్పుడు ఫైన్ లాగ చాన ఎక్కువ కట్టాల్సి వస్తది. ఆఖరికి ఐదు రోజులు ఎవరూ ఏం చెయ్యలేరు, ఆ తర్వాత పేరు బయటికి వస్తది, వచ్చిన సెకండ్లనే పట్టుకునే సాఫ్ట్‌వేర్లు కాసుకుని ఉంటయ్. కొన్ని పేర్లు అక్కడిదాక కూడా రావు, కంపెనీలే ముందుగాల వేలం పెట్టేస్తయ్. అంటే సుమారు రెండు నెలల పైన టైమ్ ఉండి కూడా మనోళ్ళు పోగొట్టుకుంటున్నరు, ఎందుకు?

నేను చూసినంతల కారణం ఒక్కటే. సైట్ చేసిన పిల్లగాడు తన మెయిల్, తన ఫోన్ నంబర్ పెట్టి పేరు రిజిస్టర్ చేస్తడు. ప్రిన్సిపాల్ సార్‌కు, సొసైటీ సెక్రటరీకి అది తెలువదు. ఆ పిల్లగాడికి హైదరాబాద్‌ల ఉద్యోగం వచ్చి పోతడు, నంబర్ మారుస్తడు. రెన్యువల్ మెయిల్ ఆ పాత మెయిల్‌కే పోతది, ఎవరూ చూడరు. ఒక రోజు సైట్ ఓపెన్ కాదు, సర్వర్ డౌన్ ఉన్నదేమో అనుకుంటరు, నెల గడుస్తది, ఇంకో నెల గడుస్తది. నా పని ఇదే కాబట్టి చెప్తున్న, సైట్ చేయించుకునే వాళ్ళు మొదటి రోజే అడగాలె, పేరు ఎవరి పేరు మీద ఉన్నది, మెయిల్ ఎవరిది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉన్నది అని. సంస్థ పేరు మీద, సంస్థ మెయిల్ మీద ఉండాలె. ఒక ఏడాదికి కాకుండ ఐదేండ్లకు, పదేండ్లకు ఒక్కసారి కట్టేసుకోవాలె, కాలేజీ ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చు ముందల అది లెక్కలకు కూడా రాదు. సైట్ పేరు మార్చినా పాత పేరును వెంటనే వదిలెయ్యొద్దు, ఇంకొన్నేండ్లు కట్టుకుంట కొత్తదానికి తిప్పుకోవాలె. కాలేజీలకయితే ఏసీ డాట్ ఇన్, స్కూళ్ళకు ఈడీయూ డాట్ ఇన్ పేర్లు ఉన్నయ్, ఎర్నెట్ సంస్థ కాగితాలు చూసి నిజంగ విద్యాసంస్థ అయితేనే ఇస్తది, దాన్ని యాడ్స్ పెట్టుకునేటోడు కొనలేడు. బ్యాంకులను చూసి నేర్చుకోవచ్చు, రిజర్వ్ బ్యాంక్ 2025 అక్టోబర్ 31 లోపల బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్ పేర్లకు మారాలని చెప్పింది, ఆ పేర్లు ఇచ్చే బాధ్యత మన హైదరాబాద్‌ల ఉన్న ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థకు ఒక్కదానికే ఇచ్చిండ్రు, దొంగ సైట్ల బెడద తగ్గించేటందుకే అది.

చేనేత సొసైటీల సంగతి ఇంకా ముఖ్యం. పోచంపల్లి ఇక్కత్, పుట్టపాక తేలియా రుమాల్, గద్వాల చీర, నారాయణపేట చీర, వీటన్నిటికి జీఐ గుర్తింపు ఉన్నది, అంటే ఆ ఊర్ల బయట నేసిన దానికి ఆ పేరు పెట్టి అమ్మొద్దని చట్టం చెప్తది. కాని ఆ ఊరి పేరుతోని డొమైన్ ఎవరి చేతుల ఉన్నదని ఎవరన్నా చూస్తున్నరా? బెంగుళూరుల ఒకామె గద్వాల చీర కొనుక్కుందమని ఆ పేరు కొడ్తే ఖాళీ పేజీ, దాంట్ల పవర్‌లూమ్ చీరల లింకులు వస్తే, ఆ నష్టం మగ్గం మీద కూసున్న మనిషికే. సొసైటీ పేరు, ఊరి పేరు కలిపి ఒక పేరు తీసుకుని, ఫొటోలు, రేట్లు, ఫోన్ నంబర్ పెట్టుకుంటే చాలు, పెద్ద ఖర్చేం కాదు. జౌళి శాఖోళ్ళు, కలెక్టర్ గార్లు ఈ ఒక్క పని పట్టించుకోవాలని కోరుతున్న.

ఇంక ఇప్పటికే పేర్లు కొనేసిన పిల్లలు ఏం చెయ్యాలె అంటే, నా సలహా ఇది. ముప్పై ఉంటే ఇరవై తొమ్మిది రెన్యువల్ చెయ్యకుండ వదిలెయ్యండి, ఒక్కటి పెట్టుకోండి, దాని మీద ఏదన్నా పనికొచ్చేది తెలుగుల రాయండి. మన నల్లగొండ అంటే బత్తాయి, ఇక్కడి రైతుకు పొద్దున లేస్తే కావాల్సింది ఈరోజు మార్కెట్‌ల టన్ను రేటు ఎంత పలికింది, కాయ రాలకుండ ఏం కొట్టాలె, ఏ నర్సరీల అంట్లు మంచిగ ఉన్నయ్ అనేది. వనపర్తి, గద్వాల దిక్కు పల్లికాయ రేట్లు కావాలె. మిర్యాలగూడ మిల్లులల్ల వడ్లకు ఏ రకానికి ఎంత ఇస్తున్నరో కావాలె. పాలమూరు నుంచి పనికి పోయేటోళ్ళకు ఏ ఊర్ల ఏ పని, ఏ కూలి అనే సమాచారం కావాలె. ఇది రోజూ రాసేటోడు ఉంటే రోజూ చదివేటోళ్ళు ఉంటరు, తప్పిపోయి కాదు, కావాలని వస్తరు. 2018 నుంచి గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు సైట్లకు కూడా ఇస్తున్నది, వంద డాలర్లు జమ అయితే బ్యాంకుల వేస్తరు. మొదటి నెలలనే వస్తయని నేను చెప్పను, చాలామందికి ఆ వంద డాలర్లు జమ అయ్యేసరికే నెలలు పడ్తది. అయితే ఆ లోపల రాసుడు వస్తది, సైట్ చేసుడు వస్తది, ఆ పని చూపించి నాలుగు షాపుల సైట్లు చేసుకున్న పిల్లలు మా దగ్గరనే ఉన్నరు, వాళ్ళకు యాడ్స్ కంటే ఆ పనిల ఎక్కువ వచ్చింది. కనగల్ దిక్కు ఒక పిల్లగాడు, అన్నా నా పేర్లన్నీ వేస్టేనా అని అడిగిండు, వాడి లిస్ట్‌ల వాళ్ళ ఊరి పేరు ఒకటి ఉండె. ఆ ఒక్కటి వదలకురా తమ్మీ, మీ ఊరి గుడి, మీ ఊరి చెరువు, మీ బడి, మీ ఊరి నుంచి బయటికి పోయినోళ్ళ సంగతులు రాయి, దుబాయ్‌ల ఉన్న మీ ఊరోళ్ళందరు చదువుతరు అన్న.

ఫీజు కట్టి మోసపోయినోళ్ళకు ఒక మాట. పార్కింగ్‌ల నెలకు ఇంత గ్యారంటీ అని రాసి ఇచ్చి పైసలు తీసుకుని ఉంటే, ఆ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ రశీదులు దాచిపెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌ల కూడా ఇయ్యొచ్చు, లేటు చేస్తే పైసలు దొరుకుడు కష్టం. ఇంట్ల చెప్తే తిడ్తరని దాచుకుంటున్న పిల్లలున్నరు, తల్లిదండ్రులు కోపం చెయ్యకుండ ఎంబడి ఉండి ఫిర్యాదు ఇప్పించండి.

సంపాదకులు గారూ, మీకు రెండు మనవులు. ఒకటి, ఇంట్ల కూసుని సంపాదన అని వచ్చే చిన్న ప్రకటనలు, పేపర్ల మధ్యన పెట్టే కరపత్రాలు, వీటిల డొమైన్ల పేరు మీద గ్యారంటీ ఆదాయం అని ఉంటే తీసుకోవద్దని మీ ఏజెంట్లకు చెప్పండి. రెండోది, ఏటా డిగ్రీ సీట్ల దోస్త్ అడ్మిషన్లు, ఈఏపీసెట్ (ఇదివరకటి ఎంసెట్) కౌన్సెలింగ్, మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ రిజల్ట్స్ వచ్చే టైమ్‌ల జిల్లా పేజీల ఒక చిన్న డబ్బా కట్టి అసలైన సైట్ల పేర్లు తెలుగుల అక్షరం అక్షరం వెయ్యండి, దోస్త్ డాట్ సీజీజీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఇట్ల. మా సెంటర్ గోడకు నేను అట్లనే రాసి అతికించిన, దాన్ని ఫోన్‌ల ఫొటో తీసుకుని పోతున్నరు పిల్లలు. పేపర్ల వస్తే ఊర్లల్ల ఉన్నోళ్ళకు కూడా అందుతది, మర్రిగూడ, చింతపల్లి, అమ్రాబాద్ దాక.

మా దగ్గరికి వచ్చే కాలేజీలకు, సొసైటీలకు వాళ్ళ పేరు ఎవరి మీద ఉన్నది, గడువు ఎప్పుడున్నది అని నేను పైసలు తీసుకోకుండ చూసి చెప్తున్న, వేరే టౌన్లల్ల నెట్ సెంటర్ నడిపే అన్నలు, తమ్ములు కూడా వాళ్ళ దగ్గర ఇది మొదలుపెట్టాలని కోరుతున్న.

ఇట్లు,
మీ పాఠకుడు,
నల్లగొండ